మీకు తెలుసా? ఆ ఎర్ర రేకులు పువ్వు కావు!

డాబాల మీద కుండీల్లో ఒళ్లంతా ముళ్లతో, కొసన జంట జంటగా ఎర్ర రేకులతో కనిపించే మొక్కను నర్సరీల్లో ‘యుఫోర్బియా’ అంటారు. చాలామంది కాక్టస్ అనుకుంటారు గానీ, అది ఆముదం, కర్రపెండలం కుటుంబానిది. పుట్టిల్లు మడగాస్కర్. బోర్బన్ దీవికి (నేటి రీయూనియన్) గవర్నరుగా ఉన్న మిలియస్ పేరు మీద శాస్త్రవేత్తలు దీన్ని ‘యుఫోర్బియా మిలీ’ అన్నారు.

మనం మురిసిపోయే ఆ రెండు రేకులూ నిజానికి పూలు కావు, రంగు తేలిన ఆకులే. దగ్గరికి వెళ్లి చూడండి: వాటి నడుమ పసుప్పచ్చగా, గింజంత ఉండే ముద్దలోనే అసలు పూలు దాగి ఉంటాయి.

పెంచడం తేలికే. జానెడు కొమ్మ కోసి, కారే పాలు కడిగి, రెండుమూడు రోజులు నీడన ఆరనిచ్చి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే చాలు. తడి కొమ్మనే గుచ్చితే కుళ్లుతుంది. ఎండ ఎంత తగిలితే అంత పూస్తుంది. దీన్ని చంపేది ఎండ కాదు, మన అతిప్రేమే: రోజూ నీళ్లు పోస్తే వేర్లు కుళ్లిపోతాయి. మట్టి ఆరాకే పోయండి.

థాయిలాండ్‌లో పెద్ద పూల సంకర రకాలను అదృష్టానికి గుర్తుగా పెంచుకుంటారు.

ఒక్క జాగ్రత్త. దీని పాలు విషం. నత్తల్ని సైతం చంపుతాయి. చర్మానికి తగిలితే మంట, కంట్లో పడితే ప్రమాదం. కత్తిరించేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి, పసిపిల్లలకు అందని చోట కుండీ పెట్టండి.