విద్యుద్వృత్తిలో శిష్యత్వము: నమోదైన ఒడంబడిక

మన పట్టణములలో కరెంటు పని నేర్చుకొనుటకు చిరకాలముగా ఒక మార్గమున్నది. పదవ తరగతి ముగించిన కుఱ్ఱవాడు, తండ్రికో మేనమామకో తెలిసిన వైర్‌మ్యాన్ వెంట నడచి, తొలినాళ్ళలో నిచ్చెన పట్టుకొని, పిమ్మట సుత్తియు ఉలియు చేతబట్టి గోడలకు గాడులు కొట్టి, పైపులలో తీగలు లాగి, ఏడాదియో రెండేండ్లో గడచిన తరువాత స్విచ్‌బోర్డు బిగించుటకు అనుజ్ఞ పొంది, కాలక్రమమున తానును ఒక పనివాడగును. ఇట్లు తయారైనవారిలో గొప్ప హస్తకౌశలము గలవారనేకులున్నారు. వారి విద్యను తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. కాని అట్టివాడు పది సంవత్సరములు పనిచేసిన పిమ్మటను, తాను ఎవరివద్ద, ఏ దినము మొదలుకొని, ఏమి నేర్చినాడో చెప్పగల కాగితమొక్కటియు వానివద్ద నుండదు. కర్మాగారమువారు అనుభవపత్రమడిగినచో చూపలేడు. నిచ్చెనమీదినుండి పడినచో వాడు ఎవరి మనిషియో తేలదు. టిఫినుకును బస్సు ఛార్జికిని చేతిలో పెట్టు సొమ్ము దయయో హక్కో నిర్ణయించువారు లేరు. పని నేర్చుచున్నవానికి చట్టము దృష్టిలో ఒక స్థానము కల్పించుటకే అప్రెంటిసుల చట్టము పుట్టినది. ఆ చట్టము క్రింద పేరు నమోదు చేయించుకొనుట వేలకొలది ఐ.టి.ఐ. విద్యార్థులకు కేవలము ఉద్యోగ ప్రకటనలలో కనిపించు ఒక లాంఛనముగా తోచుచున్నది; దాని లోపలి సత్తువ యెట్టిదో వారికి గాని వారి తల్లిదండ్రులకు గాని ఎవరును విప్పి చెప్పుట లేదు.

ఈ చట్టమునకు పూర్వము, కంపెనీ పరిపాలన కాలమున 1850లో, ఒక అప్రెంటిసు శాసనము వెలువడినది. అనాథలును, ధర్మసంస్థల పోషణలో పెరుగు నిరుపేద బాలురును ఏదైన నొక చేతిపని నేర్చి బ్రతుకుటకు అది ప్రధానముగా ఉద్దేశింపబడినది. పదేండ్లు దాటిన బాలుని, తండ్రియో సంరక్షకుడో, ఏడేండ్లకు మించని కాలమునకు ఒక యజమానికి కట్టుబెట్టవచ్చునని అందు ఏర్పాటు. స్వతంత్ర భారతమున భారీ పరిశ్రమలు తలయెత్తుచున్న దినములలో పార్లమెంటు ఆ పాత శాసనమును రద్దుచేసి 1961లో నూతన చట్టము చేసినది. 1962 మార్చి 1వ తేదీన అది అమలులోనికి వచ్చినది. పాత శాసనమున బాలుడు ఒకరి చేతినుండి మరియొకరి చేతికి మారువాడు. క్రొత్త చట్టమున నేర్చువాడును నేర్పువాడును ఒకే పత్రముమీద సంతకము చేసి, ఇరువురును బాధ్యులగుదురు. ఆ ఇరువురికిని పైన, అప్రెంటిస్‌షిప్ సలహాదారు అను ప్రభుత్వాధికారి ఉండును. ఇంతకంటె పెద్ద మార్పును నేను ఊహింపలేను.

2019లో సవరించిన నియమముల ప్రకారము, కాంట్రాక్టు సిబ్బందితో గూడ లెక్కించి ముప్పదిమంది, అంతకు మించి పనిచేయు ప్రతి సంస్థయు, తన సిబ్బందిలో 2.5 శాతమునకు తక్కువ గాకుండ, 15 శాతమునకు మించకుండ, అప్రెంటిసులను తీసికొనితీరవలెను. నలుగురు మొదలు ఇరువదితొమ్మిదిమంది వరకు గల చిన్న సంస్థలకు ఇది ఐచ్ఛికము. ఈ రెండవ మాట చాలమంది చెవిని పడలేదు. నలుగురైదుగురిని పెట్టుకొని అపార్టుమెంట్లకు వైరింగు చేయించు విద్యుత్ కాంట్రాక్టరు సైతము, తలచుకొన్నచో, తన వెంట తిరుగు కుఱ్ఱవానిని చట్టబద్ధముగ అప్రెంటిసుగా నమోదు చేసికొనవచ్చునన్నమాట. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకము 2016లో మొదలైనది; దాని క్రింద స్టైపెండులో నాల్గవవంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండ, కేంద్ర ప్రభుత్వమే భరించును. ఆ భాగము ఇప్పుడు నేరుగా అప్రెంటిసు బ్యాంకు ఖాతాకే చేరుచున్నది. కావున, ఇది పెద్ద కర్మాగారములకు మాత్రమే చెందిన వ్యవహారమని మన కాంట్రాక్టర్లు అనుకొనుట న్యాయము కాదు.

ఒడంబడిక పత్రమును ఎన్నడును చదువకయే సంతకము చేయువారు అధికులు. అందుచే దానికి మూలమైన చట్టమేమి చెప్పుచున్నదో కొంచెము నిలిచి చూడవలసియున్నది. యజమాని శిక్షణ నీయవలెను. అట్లిచ్చుటకు అర్హుడైన వ్యక్తిని నియమింపవలెను. శిక్షణ యెంతవరకు సాగినదో ప్రతి అప్రెంటిసును గూర్చి రికార్డు ఉంచవలెను. శిష్యుడు శ్రద్ధతో పని నేర్వవలెను. ప్రయోగములకును పాఠములకును క్రమము తప్పక హాజరు కావలెను. న్యాయమైన ఆజ్ఞలను పాలింపవలెను. ఇంతవరకు ఎవరైన ఊహింపదగినదే. దీనికి తరువాతి మాట నాకు మిక్కిలి ప్రీతికరమైనది: అప్రెంటిసుకు చేసిన పనిని లెక్కించి, ఇన్ని పాయింట్లకింత యని కూలి కట్టరాదు, ఉత్పత్తి బోనసుల పోటీలోనికి వానిని లాగరాదు, శిక్షణతో సంబంధము లేని పనికి వానిని వినియోగింపరాదు. పాయింటుకు రేటు కట్టిన మరుక్షణము కుఱ్ఱవాని దృష్టి నేర్చుటనుండి ముగించుటవైపు మరలునని ఎరిగినవారే ఆ నిషేధమును వ్రాసియుందురు. తొందరలో బిగించిన స్క్రూ వదులై, వదులైనచోట వేడి పుట్టి, వేడికి ఇన్సులేషన్ కరగి, ఒకనాటి రాత్రి బోర్డు కాలుట విద్యుద్వృత్తిలో అందరెరిగిన సంగతియే.

నమోదు విధానము నిప్పుడు చూతము. కేంద్ర ప్రభుత్వపు అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో అభ్యర్థి మొదట తన ఆధార్, సెల్ నంబరు, విద్యార్హతలు, బ్యాంకు ఖాతా వివరములను నమోదు చేసికొని, తనకు కావలసిన సంస్థల ఖాళీలకు దరఖాస్తు పెట్టుకొనును. సంస్థ ఎంపిక చేసిన పిమ్మట ఒడంబడిక సిద్ధమగును. అభ్యర్థి మైనరైనచో సంరక్షకుడు సంతకము చేయును. ఒడంబడిక జరిగిన ఏడు దినములలోపల యజమాని ఆ వివరములను పోర్టల్‌లో చేర్చవలెను. అవి అందిన ముప్పది దినములలో సలహాదారు దానిని పరిశీలించి రిజిస్టరు చేయవలెను. చట్టము నిర్ణయించిన కనీస వయస్సు 14 సంవత్సరములు. ప్రమాదకరములని గుర్తించిన వృత్తులకు 18. ఎలక్ట్రీషియన్ ట్రేడులో రెండేండ్ల ఐ.టి.ఐ. చదువు ముగించినవారికి శిక్షణ సాధారణముగా ఒక సంవత్సరము.

మన తెలుగువారికి ఇక్కడ ప్రత్యేకముగా నెదురగు చిక్కొకటి కలదు. పదవ తరగతి మెమోలో ఇంటిపేరు సంపూర్ణముగా ముందుండును, ఆధార్‌లో అదియే ఒక్క పొడి అక్షరమైపోవును, ఐ.టి.ఐ. సర్టిఫికెట్టులో వెనుకకు పోవును. బ్యాంకు పుస్తకమున ఒక్కొక్కప్పుడు అసలే కనబడదు. మనుష్యుడొక్కడే యని మనకు తెలియును గాని, యంత్రమునకు తెలియదు. దరఖాస్తు నిలిచిపోవును, లేదా స్టైపెండు ఖాతాలో పడకుండును. చివరి పరీక్ష వ్రాయుచున్న దినములలోనే ఈ నాలుగు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి, పేరును, తండ్రి పేరును, పుట్టిన తేదీని అక్షరమక్షరము సరిచూచి, తేడా యున్నచో పదవ తరగతి మెమోను ప్రమాణముగా నుంచుకొని తక్కినవానిని దిద్దించుకొనుట మేలు.

ఎంపిక పద్ధతి సంస్థ సంస్థకును వేరు. దక్షిణ మధ్య రైల్వేవారు వ్రాతపరీక్ష పెట్టరు. పదవ తరగతి మార్కులను ఐ.టి.ఐ. మార్కులను కలిపి సగటు కట్టి జాబితా వేయుదురు. విశాఖపట్టణమందలి నావల్ డాక్‌యార్డు అప్రెంటిసుల పాఠశాలవారు వ్రాతపరీక్ష జరుపుదురు. రామచంద్రాపురము భెల్, విశాఖ ఉక్కు కర్మాగారము మున్నగువాని ప్రకటనలను ఎవరికి వారు చూచుకొనవలసినదే. అయితే ఒక్క విషయమున తొందరపడరాదు. ఒకసారి అప్రెంటిసుగా చేరి మధ్యలో ఒడంబడిక రద్దయినవానిని, సలహాదారు ముందస్తు అనుమతి లేనిదే, మరల ఎవరును తీసికొనరాదని నియమమున్నది. దగ్గరగా నున్నదని ఒక చిన్న సంస్థలో చేరి, రెండు నెలలకు రైల్వే పిలుపు రాగా దీనిని విడిచి దానికి పరుగెత్తిన కుఱ్ఱవాడు రెంటికిని చెడిన సందర్భములుండుట ఇందువలననే.

స్టైపెండు విషయమున 2019 నియమములు కనీస మొత్తమును ఇట్లు నిర్ణయించినవి: అయిదు మొదలు తొమ్మిది తరగతులు చదివినవారికి నెలకు 5,000 రూపాయలు, పది ప్యాసైనవారికి 6,000, ఐ.టి.ఐ. వారికి 7,000, డిప్లొమా వారికి 8,000, పట్టభద్రులకు 9,000. రెండవ సంవత్సరమున పది శాతము పెరుగును. ఇది జీతము కాదు. అప్రెంటిసు శిక్షణార్థియే గాని కార్మికుడు కాడని చట్టము స్పష్టముగ చెప్పుచున్నది. ఆ కారణమున కార్మిక చట్టముల రక్షణలనేకము వానికి వర్తింపవు. కాని ఆరోగ్య, భద్రతా, సంక్షేమ విషయములలో ఫ్యాక్టరీ చట్టపు నిబంధనలను వానికిని వర్తింపజేసి, శిక్షణలో గాయపడినచో కార్మికునికి చెల్లించునట్లే నష్టపరిహారము చెల్లింపవలెనని యజమానిని బద్ధుని చేసిరి. విద్యుద్వృత్తిలో ఈ ఒక్క అంశము కొఱకైనను నమోదు లేకుండ ఒక్కదినమును పనిలోనికి దిగరాదని నా దృఢమైన అభిప్రాయము. కన్నవారు వెళ్ళి, "అయ్యా, మా వాడి కాంట్రాక్టు రిజిస్టరైందా? నంబరు ఇస్తారా?" అని అడుగుటకు సంకోచింపనవసరము లేదు, అది అవిశ్వాసము కాదు, హక్కు.

మంచి శిక్షకుని చేతిక్రింద మొదటి వారములలో జరుగు పాఠమొకటి చెప్పెదను. మెయిను ఆపివేసినంతనే తీగను ముట్టనీయరు. టెస్టరును మొదట కరెంటున్నదని నిశ్చయముగ తెలిసిన చోట పెట్టి వెలుగుచున్నదని చూపింతురు. తరువాత పనిచేయవలసిన తీగకు పెట్టి వెలుగలేదని చూపింతురు. మరల మొదటి చోటికే తెచ్చి, వెలుగుచున్నదని మరియొకసారి చూపింతురు. నడుమ టెస్టరే పాడైనచో, వెలుగకపోవుటకు అర్థము లేదు గదా! లైనుమీది పనియైనచో లైను క్లియరు (ఎల్.సి.) చేతికి రానిదే స్తంభమెక్కనీయరు. పిమ్మట ఇన్సులేషన్ నిరోధమును కొలుచు మెగ్గర్ తెత్తురు. బల్బులు తీసి, ఫ్యానులు విప్పి, స్విచ్చులన్నియు వేసి, అయిదువందల వోల్టుల మెగ్గరును ఫేజుకును న్యూట్రలుకును నడుమ, తరువాత ఆ రెంటిని కలిపి ఎర్తుకును నడుమ త్రిప్పించి, ముల్లు ఒక మెగోహ్మ్‌కు దిగువను నిలిచినచో, ఎక్కడ తడి చేరినదో, ఏ పైపు మూలలో తీగ ఒరసికొనినదో వెదకుమని విడిచిపెట్టుదురు. వెదకుటకు పట్టిన ఆ అరపూట పనిలెక్కలో నష్టమే. శిక్షణలెక్కలో అదియే ముఖ్యము. పాయింటుకింతయని పనిచేయించు చోట ఆ అరపూట దొరకుట దుర్లభము.

శిక్షణానంతరము ఉద్యోగము మాటేమి? యజమాని ఉద్యోగమీయవలెనని నిర్బంధము లేదు, అప్రెంటిసు స్వీకరింపవలెననియు లేదు. ఒడంబడికలోనే అట్టి షరతు వ్రాసికొన్నచో మాత్రము ఇరువురును దానికి కట్టుబడవలెను. ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ వ్యాజ్యమున 1995లో సుప్రీంకోర్టు, తక్కిన అర్హతలన్నియు సమానమైనప్పుడు శిక్షణ పొందిన అప్రెంటిసుకు నేరుగా వచ్చిన అభ్యర్థికంటె ప్రాధాన్యమీయవలెననియు, అట్టివారి పేరును ఎంప్లాయ్‌మెంటు ఎక్స్ఛేంజి పంపవలసిన పని లేదనియు చెప్పినది. రైల్వేలలో లెవెల్-1 ఉద్యోగ నియామకములందు ఇరువది శాతము, రైల్వే సంస్థలలోనే అప్రెంటిస్‌షిప్ ముగించినవారికి కేటాయింపబడియున్నది. ఇవి హామీలు కావు. అయినను సర్టిఫికెట్టు లేనివానికి ఇవియు లేవు.

యజమానితో తగవు వచ్చినచో, దానిని ముందుగా నిర్ణయించువాడు అప్రెంటిస్‌షిప్ సలహాదారే. ఆయన నిర్ణయము నచ్చనివారు ముప్పది దినములలో అప్రెంటిస్‌షిప్ కౌన్సిలుకు అప్పీలు చేసికొనవచ్చును. ఒడంబడిక షరతులను తాను నెరవేర్పకపోవుటచే ఒడంబడిక రద్దైనచో యజమాని నష్టపరిహార మీయవలసియుండును. కోర్టు మెట్లెక్కకయే ఈ పనులు జరుగుటకు కావలసినదెల్ల, నమోదు సంఖ్యయు, హాజరు, స్టైపెండు చెల్లింపుల వివరములును చేతనుండుట.

చివరి పరీక్ష నెగ్గినవానికి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్టు లభించును. దీనినే లైసెన్సని భ్రమించువారున్నారు. ఇండ్లలోను కట్టడములలోను వైరింగు పని స్వతంత్రముగ చేయుటకు రాష్ట్ర ప్రభుత్వపు విద్యుత్ లైసెన్సింగు బోర్డు ఇచ్చు వైర్‌మ్యాన్ పర్మిట్ వేరు, పని పర్యవేక్షించుటకు సూపర్‌వైజరు సర్టిఫికెట్టు వేరు, కాంట్రాక్టరు లైసెన్సు వేరు. కావున శిక్షణ ముగియకముందే బోర్డువారి తాజా ప్రకటన తెప్పించి చూచుకొని, పర్మిటుకు కావలసిన అర్హతాపత్రములేవో తెలిసికొని, తాను పనిచేసిన చోటి అధికారివలన అనుభవపత్రమును, కాలమును పని స్వభావమును స్పష్టముగ వ్రాయించి, ఆయన అక్కడనుండి బదిలీ కాకముందే తీసికొనవలెను. పోర్టల్‌లో ఏదైన తెలియనిచో జిల్లాకేంద్రమందలి ప్రభుత్వ ఐ.టి.ఐ.కి వెళ్ళి, అప్రెంటిస్‌షిప్ వ్యవహారములు చూచువారెవరని విచారించినచో దారి చూపుదురు.