మధుమేహానికి మూత్రపిండాల వ్యాధి తోడైతే పథ్యం మారాలి

రక్తంలో చక్కెర తగ్గడం అన్నివేళలా శుభసూచకం కాదు. చాలాకాలంగా మధుమేహం ఉన్నవారికి మందుల మోతాదు పెంచకుండానే చక్కెర తగ్గుతూ వస్తే, అది మూత్రపిండాలు బలహీనపడుతున్నాయనడానికి సూచన కావచ్చు. శరీరంలోని ఇన్సులిన్‌లో కొంత భాగాన్ని తొలగించేవి మూత్రపిండాలే. అవి దెబ్బతిన్నపుడు ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రల ప్రభావం ఎక్కువసేపు నిలిచి, చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోయే అవకాశం ఉంది. ఈ మార్పును తాము వాడుతున్న పొడి లేదా కషాయం మహిమగా భావించి పరీక్షలు మానివేయడం ప్రాణాంతకం కాగలదు.

ఆహారం విషయంలో

మధుమేహానికి చెప్పిన పథ్యం ఈ దశలో యథాతథంగా పనికిరాదు. అన్నం తగ్గించి మాంసకృత్తుల పొడులు అధికంగా తీసుకోవడం మూత్రపిండాలకు భారమవుతుంది. డయాలసిస్ అవసరం లేని దశలో కిలో శరీర బరువుకు రోజుకు 0.8 గ్రాముల మాంసకృత్తులు తీసుకోవాలని 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఆ లెక్కన 60 కిలోల వ్యక్తికి 48 గ్రాములు సరిపోతాయి. డయాలసిస్ పొందేవారికి ఇంతకంటే ఎక్కువ అవసరం.

ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించరాదు. ఊరగాయలు, అప్పడాలలోని ఉప్పును కూడా ఈ లెక్కలో చేర్చాలి. సోడియం తగ్గించిన ఉప్పులో సాధారణంగా పొటాషియం ఉంటుంది. రక్తంలో పొటాషియం పెరిగినవారికి ఈ ఉప్పు, కొబ్బరినీళ్లు, పండ్లరసాలు గుండె లయను దెబ్బతీయగలవు. ఇటువంటివారు కూరగాయలను ముక్కలు చేసి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోయాలి. చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గినపుడు పండ్లరసానికి బదులు 15 గ్రాముల గ్లూకోజు పొడి లేదా పంచదార నీటిలో కలిపి తీసుకోవడం క్షేమకరం.

సప్లిమెంట్ల విషయంలో

హాని చేయవని భావించే విటమిన్లు సైతం కీడు చేయవచ్చు. మధుమేహం వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న 238 మందిపై కెనడాలో జరిగిన అధ్యయనం ఫలితాలు 2010లో వెలువడ్డాయి. అధిక మోతాదులో బి-విటమిన్లు వాడినవారిలో మూత్రపిండాల పనితీరు మరింత వేగంగా క్షీణించినట్లు అందులో తేలింది. కాకర, మెంతులను కూరలలో తినడం వేరు, వాటి సారాన్ని మాత్రలుగా మింగడం వేరు. మధుమేహం మందులతో పాటు ఈ మాత్రలు వాడితే చక్కెర మితిమీరి తగ్గే ప్రమాదం ఉంది.

పరీక్షలే రక్ష

తొలిదశలో మూత్రపిండాల వ్యాధి లక్షణాలు కనబడవు. కావున టైప్-2 మధుమేహం బయటపడిన నాటి నుండి ఏటా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకోవాలి. రక్తహీనత ఉన్న రోగులలో మూడు నెలల సగటు చక్కెర పరీక్ష వాస్తవాన్ని చూపకపోవచ్చు. మూత్రపిండాల వడపోత సామర్థ్యం 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ వాడరాదు. వాడుతున్న పొడులు, మాత్రలు అన్నింటినీ వైద్యునికి తప్పనిసరిగా చూపించాలి.

మధుమేహాన్ని నయం చేస్తామనే ఔషధ ప్రకటనలను 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధిస్తున్నది. వాటి ప్రచురణలో పాలుపంచుకోవడం కూడా ఈ చట్టం కింద నేరమే. పత్రికలు, అధికార యంత్రాంగం ఈ అంశంపై అప్రమత్తంగా ఉన్నపుడే రోగులు సకాలంలో చికిత్సకు చేరువవుతారు.