పగడపు తొట్టిలో పోషకలేమి

యాలాల్ ఇళ్ళలో మనం నడిచే తాండూరు నాపరాయి సున్నపురాయే. ప్రాచీన కవులు విద్రుమమన్న పగడంలోనూ ప్రధానమైనది కాల్షియం కార్బొనేటే. అయితే దీనిని కట్టేది ఒక చిన్న సముద్రజీవి. గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి ఇంట దిబ్బపగడాలను పెంచేవారు లోకంలో ఎందరో ఉన్నారు.

ఆ పగడాల దేహంలో సూక్ష్మ శైవలాలు నివసిస్తాయి. అవి సూర్యరశ్మితో ఆహారం సిద్ధంచేసి ఆశ్రయదాతకు అందిస్తాయి. ఇందుకు నత్రజని, భాస్వరం అవసరం. పగడపు దిబ్బలున్న జలాలలో ఇవి స్వల్పమే అయినా, అలలు ప్లవకాలను నిరంతరం మోసుకొస్తాయి. తొట్టిలో ఆ రాకపోకలు లేవు.

నీరెంత నిర్మలమైతే అంత మేలని తలచి వడపోత పెంచేవారు పొరబడతారు. నైట్రేట్, ఫాస్ఫేట్ శూన్యమైతే పగడం పాలిపోతుంది, ఎదుగుదల కుంటుపడుతుంది. లీటరుకు నైట్రేట్ 2 నుండి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.03 నుండి 0.1 మిల్లీగ్రాము ఉండాలన్నది చాలామంది పెంపకందారుల అనుభవం. అంతకు తగ్గితే చేపల మేతను కొంత హెచ్చించాలి; వడపోతను తగ్గించాలి. చాలకుంటే ఆ లవణాలనే కొద్దికొద్దిగా కలపవచ్చు. త్వరపడరాదు, దీర్ఘోపవాసికి ఒక్కసారిగా విందు పెట్టం కదా!

మన దేశంలో మాత్రం దిబ్బలు కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని మన సముద్రాల నుండి పెకలించి తొట్టికి తేవడం నేరం.