అవ్వల కండబలము

బలమనగానే మనకు తాలింఖానాయు, అందు బస్కీలు తీయు పడుచువాండ్రును జ్ఞప్తికి వత్తురు గాని అరువదేండ్లు దాటిన అవ్వ జ్ఞప్తికి రాదు. మేమును చాలకాల మట్లే తలంచితిమి.

ఆదిలాబాదు అడవులలో వేసవియందు తునికాకు కోయు స్త్రీ వంగి, లేచి, మూట నెత్తికెత్తుకొని నడచును. అట్టి యాకే సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి ఇండ్లకు చేరి, అచటి స్త్రీల ఒడిలోని చేటలలో బీడీ యగును. ఈమెకు పొద్దుగూకువరకు కూర్చున్నచోటే పని. వ్రేళ్లు పరుగెత్తును, తొడలు నిద్రించును. ముప్పదియేండ్లు గడచిన పిదప ఆమె గోడ పట్టుకొని లేచుట చూచి, ముసలితనమని మన మూరకుందుము. 2016లో పూర్వపు జిల్లాలు రెండును పెక్కుగా చీలినవి గాని ఈ దురవస్థకు హద్దులు లేవు.

కండ యెంత యున్నదనుట వేఱు, అది యెట్టిదనుట వేఱు. వయసుతో కండనారల నడుమ కొవ్వు చేరును. చుఱుకుగా ముడుచుకొను నారలు ముందుగా సన్నబడును. వానిని కదలించు నరములును కొన్ని నశించును. కావుననే కండ పరిమాణముకంటె బలము వేగముగా క్షీణించును. స్త్రీలకు మొదటనే కండ తక్కువ, ముట్లుడిగిన పిమ్మట నష్టము మఱింత. నిండుగా కనబడు ఇల్లాలిని బలిష్ఠురాలని భ్రమించు సంపన్నగృహములు మనలో లేకపోలేదు. ఆ నిండుతన మెల్ల కండ కాదు.

1990లో అమెరికాలోని బోస్టను నగరమున, ఒక వృద్ధాశ్రమమునందలి తొంబదేండ్ల ప్రాయపు స్త్రీపురుషులు పదిమందిచేత ఎనిమిది వారములు కాళ్లతో బరువు లెత్తించిరి. కడవరకు నిలిచిన తొమ్మండుగురి బలము సగటున నూటికి 174 వంతులు పెరిగెను. తొడకండ పెరిగినదో, నూటికి 9 వంతులే! పెరిగినది ముఖ్యముగా కండ పనితన మన్నమాట. నరములు మేల్కొనుటచే మొదటి వారములలోనే బలము వచ్చును. కొవ్వు మిక్కిలి చేరిన కండ సాధనకు మందముగా లొంగునని కొన్ని పరిశోధనలు సూచించుచున్నవి. అట్టివారికి ఓపిక యెక్కువ కావలెనే గాని సాధన మానదగదు.

"మేము పుట్టినది మొదలు పనిచేయుచుంటిమి గదా, ఇంకెక్కడి వ్యాయామము?" అని అవ్వ లడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అలవాటుపడిన బరువు కండను కొత్తగా పెంపదు. బరువు మెల్లమెల్లగా హెచ్చవలెను. కుర్చీనుండి చేతుల ఆధారము లేక లేచుట, కాలికి చిన్న ఇసుకసంచి కట్టి యెత్తుట, మెట్టెక్కి దిగుట వారమునకు రెండుమూడు దినములు చాలును. గుండెజబ్బు, కీళ్లవాపు గలవారు ముందు వైద్యు నడుగవలెను. పప్పు, పాలు, గ్రుడ్డు లేని కంచముతో నీ సాధన సగమే ఫలించును. ఇంట మగవారికి వడ్డించి మిగిలినది తిను ఆచారము నిచట తలంపక తప్పదు.

పొదుపుకై మహిళాసంఘములు గ్రామగ్రామమున కూడుచునే యున్నవి. ఆ కూటములందు పావుగంట దీనికి కేటాయింపుమని మేము కోరుచున్నాము. మొదటినాడు ఒక కుర్చీ వేసి, ముప్పది సెకండ్లలో ఎవరెన్నిమారులు లేచి కూర్చుందురో లెక్కవేసి వ్రాసికొనుడు. మూడు నెలలకు మరల లెక్కింపుడు.