పంచుకు తినే దీవులు

పసిఫిక్ మహాసముద్రంలో సమోవాకు ఉత్తరాన, న్యూజీలాండ్ పాలనలో, తొకెలావ్ అనే చిన్న ప్రాంతం ఉంది. మూడే పగడపు దీవులు. మొత్తం కలిపినా సుమారు 12 చదరపు కిలోమీటర్లు, జనం ఇంచుమించు 1,500. విమానాశ్రయం లేదు, సమోవా నుంచి ఓడలో ఒక రోజు పైనే ప్రయాణం.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతైనా ఫరవాలేదంటాం కదూ? అక్కడ ఆ మాట చెల్లదండీ. ఊరంతా కలిసి పట్టిన చేపల్ని మనుషుల లెక్కన ఇంటింటికీ పంచుతారు. వేటకు వెళ్ళలేని ముసలమ్మకూ వాటా ఉంటుంది. దీన్ని ‘ఇనాతి’ అంటారు.

పెద్దరికమూ పంపకమే! రాజధాని లేదు, నాయకత్వం మూడు దీవులకూ వంతులవారీగా వస్తుంది. స్వపరిపాలన కోసం 2006లో, 2007లో ఓట్లు వేశారు. మూడింట రెండు వంతులు రావాలి. రెండోసారి 16 ఓట్లు తగ్గాయి.

నేల ఎత్తు 5 మీటర్లకు మించదు. సముద్రమట్టమేమో పెరుగుతోంది. పంచుకోవడం తెలిసినవాళ్ళే, కాని నేలే తరిగిపోతే పంచుకునేదేముంది చెప్పండి?