ల్యాప్‌టాప్‌లో పరుగులు... సర్వర్‌లో బోల్తా!

మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కితే పొద్దున పూట సగం మంది భుజాన ల్యాప్‌టాప్ బ్యాగులే. అజీజ్‌నగర్‌లో విద్యాజ్యోతి, చిల్కూరులో కేజీ రెడ్డి, యెన్కేపల్లిలో జోగినపల్లి బీఆర్... మొయినాబాద్ చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ఇంకాస్త ముందుకెళ్తే మర్రిచెట్ల నీడలో చేవెళ్ల రోడ్డు, దాని చుట్టూ కూరగాయల పొలాలు, పూల తోటలు. కోడింగ్‌కీ, వ్యవసాయానికీ మధ్య దూరం ఇక్కడ నాలుగైదు స్టాపులే!

ఈ దారిలో చదువుకునే ఓ టీమ్ ఫైనలియర్ ప్రాజెక్టుగా టమాటా ఆకు ఫొటో తీస్తే తెగులేంటో చెప్పే వెబ్ యాప్ చేసిందనుకుందాం. 14 రకాల పంటలకు చెందిన 54 వేలకు పైగా ఆకుల ఫొటోలున్న 'ప్లాంట్‌విలేజ్' డేటాసెట్ ఉచితంగానే దొరుకుతుంది. మోడల్ ట్రైన్ చేశారు, ఫ్లాస్క్‌తో వెబ్ యాప్ కట్టారు, ల్యాప్‌టాప్‌లో సూపర్‌గా నడిచింది. రేపే రివ్యూ. రాత్రి సర్వర్‌లో పెట్టగానే... 'మాడ్యూల్ నాట్ ఫౌండ్'. అది ఎలాగోలా దాటితే 'పర్మిషన్ డినైడ్'. ఇక నిద్ర ఎక్కడిది?

ఈ రెండు ఎర్రర్ల తేడా మొయినాబాద్ వాళ్లకు చెప్పడం తేలిక. పక్కనే చిల్కూరులో 'వీసా బాలాజీ' ఉన్నాడు కదా! మాడ్యూల్ దొరక్కపోవడమంటే చేతిలో పాస్‌పోర్టే లేకపోవడం. పర్మిషన్ లేదంటే పాస్‌పోర్టు ఉంది, వీసా లేదని. ఒకదానికి వేసే మందు రెండోదానికి పనిచేయదు. చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే. ఏ రోగమో చూడకుండా నెట్‌లో కనిపించిన కమాండ్లన్నీ వరసగా కొట్టేస్తారు.

ముందు లాగ్ చూడండి

బ్రౌజర్‌లో కనిపించే నంబర్ అసలు కథ చెప్పదు, ఎటు వెతకాలో మాత్రం చెబుతుంది. 500 అంటే యాప్ దాకా వెళ్లాక లోపల ఏదో పగిలింది. 502 అంటే ముందున్న ఎన్‌జిన్ఎక్స్ బాగానే ఉంది, వెనకున్న యాప్ నుంచి సరైన జవాబు రాలేదు. 403 అంటే లోపలికి రానివ్వలేదు.

అసలు కారణం లాగ్‌లో ఉంటుంది. యాప్‌ని సిస్టమ్‌డీ సర్వీస్‌గా నడిపిస్తుంటే 'జర్నల్‌సీటీఎల్' కమాండ్‌తో దాని లాగ్ చూడొచ్చు. ఎన్‌జిన్ఎక్స్‌కి సొంత ఎర్రర్ లాగ్ ఫైల్ ఉంటుంది. పైథాన్ ఇచ్చే పొడవాటి ట్రేస్‌బ్యాక్ చూసి కంగారు పడొద్దు. కింద నుంచి చదవండి. చివరి లైన్‌లో ఎర్రర్ పేరుంటుంది, దాని పైన ఏ ఫైల్, ఎన్నో లైన్ అనేది ఉంటుంది. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

పాస్‌పోర్టు సమస్య: మాడ్యూల్ ఎక్కడ?

'మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్' అనే పేరు పైథాన్ 3.6తో వచ్చింది. అంతకుముందు అన్నీ 'ఇంపోర్ట్ ఎర్రర్' కిందే ఉండేవి. ఈ పేరు కనిపిస్తే పైథాన్ తనకు తెలిసిన ఫోల్డర్లన్నీ వెతికింది, ఆ పేరుతో ఏదీ దొరకలేదని అర్థం. కారణాలు మామూలుగా ఇవి.

ఒకటి, వేరే డబ్బాలో పెట్టడం. పైథాన్ 3.3 నుంచి, అంటే 2012 నుంచి, 'వీఎన్వ్' పైథాన్‌తోనే వస్తోంది. హాస్టల్లో ఎవరి టిఫిన్ డబ్బా వాళ్లదే అన్నట్టు ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. మీరు టెర్మినల్‌లో దాన్ని యాక్టివేట్ చేస్తే అది ఆ టెర్మినల్‌కే వర్తిస్తుంది. సర్వర్ రీస్టార్ట్ అయ్యాక తనంతట తాను లేచే సర్వీస్‌కి ఆ సంగతి తెలియదు. అది సిస్టమ్ పైథాన్‌ని పట్టుకుంటుంది, అందులో ఫ్లాస్క్ ఉండదు. అందుకే సర్వీస్ ఫైల్లో వీఎన్వ్ లోపలున్న జీయూనికార్న్ పూర్తి దారి రాయాలి. యాక్టివేట్ చేయాల్సిన పనే ఉండదు.

రెండు, పేరొకటి ప్యాకేజీ ఒకటి. కోడ్‌లో 'సీవీ2' అని ఇంపోర్ట్ చేస్తాం, ఇన్‌స్టాల్ చేయాల్సింది 'ఓపెన్‌సీవీ-పైథాన్'. 'పీఐఎల్' కావాలంటే 'పిల్లో', 'ఎస్‌కేలెర్న్' కావాలంటే 'సైకిట్-లెర్న్'. పేరు ఊహించి పిప్ ఇన్‌స్టాల్ కొట్టేయడం ప్రమాదం కూడా. ప్రసిద్ధ ప్యాకేజీల పేర్లను ఒకట్రెండు అక్షరాలు మార్చి, అందులో దొంగ కోడ్ పెట్టి వదిలేవాళ్లున్నారు. అసలు పేరు ఆ ప్యాకేజీ అధికారిక పేజీలో చూసుకోండి.

ఓపెన్‌సీవీతో ఇంకో తంటా ఉంది. ప్యాకేజీ ఉన్నా 'లిబ్‌జీఎల్' ఫైల్ లేదని ఇంపోర్ట్ ఆగిపోవచ్చు. ఆ ఫైల్ స్క్రీన్ మీద బొమ్మలు చూపించడానికి సంబంధించినది, సర్వర్‌కి స్క్రీనే ఉండదు కదా! 'ఓపెన్‌సీవీ-పైథాన్-హెడ్‌లెస్' పెట్టుకుంటే చాలు.

మూడు, వెర్షన్ల గొడవ. 2023 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.12 నుంచి 'డిస్ట్‌యుటిల్స్' మాడ్యూల్‌ని తీసేశారు. పాత ప్యాకేజీలు దాని కోసం వెతికి, దొరక్క ఆగిపోతాయి. ల్యాప్‌టాప్‌లో 3.10, సర్వర్‌లో 3.12 ఉంటే మీరు ఒక్క అక్షరం మార్చకపోయినా యాప్ పడిపోవచ్చు. రెండుచోట్లా ఒకే వెర్షన్ ఉంచుకోవడం, ప్యాకేజీల వెర్షన్లతో సహా రిక్వైర్‌మెంట్స్ ఫైల్ రాయడం... ఇవే మందు.

నాలుగు, పెద్దక్షరం చిన్నక్షరం. 'Utils', 'utils' అని ఇంగ్లిష్‌లో రాసే రెండు పేర్లూ విండోస్‌కి ఒకటే, లినక్స్‌కి వేర్వేరు... అని చెప్పబోతే ఇక్కడ ఇంగ్లిష్ అక్షరాలెందుకు, 'పెద్ద యూ'తో రాసిన 'యుటిల్స్', 'చిన్న యూ'తో రాసిన 'యుటిల్స్' అనుకుందాం. పైథాన్ ఇంపోర్ట్ విండోస్‌లోనూ ఈ తేడా గమనిస్తుంది. చిక్కు గిట్‌తో. విండోస్‌లో ఫైల్ పేరులో కేవలం పెద్దక్షరాన్ని చిన్నక్షరం చేస్తే గిట్ పట్టించుకోకపోవచ్చు. సర్వర్‌కి పాత పేరే వెళ్తుంది. 'గిట్ ఎంవీ' కమాండ్‌తో పేరు మారిస్తే ఈ బాధ ఉండదు. ఫొటోలు, మోడల్ ఫైళ్ల పేర్ల విషయంలో మాత్రం విండోస్ చూసీచూడనట్టు వదిలేస్తుంది, లినక్స్ వదలదు.

ఐదు, మనమే అడ్డం పడటం. ప్రాక్టీస్ కోసం 'ఫ్లాస్క్ డాట్ పీవై' అని ఓ ఫైల్ చేసి అక్కడే వదిలేశారనుకోండి. పైథాన్ ముందు మన ఫోల్డర్‌లోనే వెతుకుతుంది కాబట్టి అసలు ఫ్లాస్క్‌కి బదులు ఆ ఫైల్‌నే తెచ్చుకుంటుంది. లైబ్రరీల పేర్లు మన ఫైళ్లకు పెట్టకపోవడమే మంచిది.

ఇంకో మాట. 2023లో వచ్చిన డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి సిస్టమ్ పైథాన్‌లో నేరుగా పిప్ ఇన్‌స్టాల్ చేయబోతే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్' అంటూ ఆపేస్తుంది. దాన్ని బలవంతంగా దాటించే ఆప్షన్ పేరులోనే 'బ్రేక్ సిస్టమ్' ఉంది. పేరే హెచ్చరిక! వీఎన్వ్ చేసుకోండి, గొడవ ఉండదు.

వీసా సమస్య: గేటు ఎవరు తీస్తారు?

ఇక ఎర్రర్ నంబర్ 13, 'పర్మిషన్ డినైడ్'. లినక్స్‌లో ప్రతి ఫైల్‌కీ ముగ్గురు సంబంధీకులు: ఓనర్, గ్రూప్, మిగతా అందరూ. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఇవి కూడితే వచ్చేవే ఆ మూడంకెల నంబర్లు. 644 అంటే ఓనర్ చదవొచ్చు, రాయొచ్చు, మిగతావాళ్లు చదవడం వరకే. ఫోల్డర్లకు మామూలుగా 755.

ఇందులో ఎక్కువమంది మర్చిపోయేది ఒకటుంది. ఫోల్డర్ విషయంలో ఆ '1'కి అర్థం గేటు దాటే హక్కు. మీ గది తాళం చెవి మీ దగ్గరే ఉన్నా హాస్టల్ మెయిన్ గేటు తీయకపోతే లోపలికి వెళ్లలేరు కదా. అలాగే లోపలి ఫైల్‌కి 644 ఉన్నా, దారిలో ఒక్క ఫోల్డర్ గేటు మూసి ఉంటే పని కాదు.

ఉబుంటు 21.04 నుంచి ఇది ఇంకా ఎక్కువైంది. అంతకుముందు కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్‌కి 755 ఉండేది, అప్పటి నుంచి 750. అంటే బయటివాళ్లకు గేటు బంద్. ఎన్‌జిన్ఎక్స్ నడిచేది 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా' అనే వేరే యూజర్ పేరుతో. మీ ప్రాజెక్టు హోమ్ ఫోల్డర్‌లో ఉంటే అది లోపలికి రాలేదు. పేజీ వస్తుంది కానీ సీఎస్‌ఎస్, ఫొటోలకు 403 వస్తుంది. యాప్ సాకెట్ ఫైల్ కూడా అక్కడే ఉంటే ఏకంగా 502. పాత ట్యుటోరియల్ చూసి అక్షరం పొల్లు పోకుండా చేసినా పనిచేయకపోవడానికి ఇదో కారణం. ప్రాజెక్టుని హోమ్‌లో కాకుండా 'ఎస్‌ఆర్‌వీ' ఫోల్డర్‌లో పెడితే సరి. ఏ గేటు మూసి ఉందో తెలుసుకోవడానికి 'నేమీ' కమాండ్‌కి 'ఎల్' ఆప్షన్ ఇచ్చి ఫైల్ దారి రాయండి. దారి పొడవునా ఒక్కో ఫోల్డర్ ఓనర్‌నీ, పర్మిషన్లనీ వరసగా చూపిస్తుంది.

ఎస్‌క్యూలైట్ వాడేవాళ్లకు మరో ఉచ్చు. డేటాబేస్ ఫైల్‌కి రాసే హక్కు ఇచ్చినా సేవ్ కాదు. ఎందుకంటే అది రాసేటప్పుడు పక్కనే ఓ తాత్కాలిక జర్నల్ ఫైల్ తయారు చేసుకుంటుంది. కాబట్టి ఆ ఫోల్డర్‌లో కూడా రాసే హక్కు కావాలి.

'సుడో' వాడకం ఇంకో కారణం. పని జరగడం లేదని ఒక్కసారి సుడోతో యాప్ నడిపితే, అప్పుడు పుట్టిన లాగ్ ఫైల్, అప్‌లోడ్ ఫోల్డర్ రూట్ పేరు మీద ఉండిపోతాయి. తర్వాత మామూలు యూజర్‌తో యాప్ నడిస్తే తన లాగ్‌లో తానే రాయలేదు. 'సీహెచ్‌ఓన్'తో ఓనర్‌ని మార్చాలి.

777 జోలికి వెళ్లొద్దు

ఎర్రర్ రాగానే ఎవరో ఒకరు ఇచ్చే సలహా: 'సీహెచ్‌మోడ్ 777 కొట్టెయ్ మామా!' ఎర్రర్ పోవచ్చు. కానీ ఇంటికి తాళం పడటం లేదని తలుపులే పీకేయడం లాంటిదది. ఆ సర్వర్‌లో ఏ చిన్న ప్రోగ్రామ్‌లో లొసుగు దొరికినా, దాని ద్వారా వచ్చినవాడు మీ కోడ్‌ని మార్చేయొచ్చు, డేటాబేస్ పాస్‌వర్డ్ చదివేయొచ్చు. రేపు నిజంగా రైతులు ఆ యాప్ వాడితే వాళ్ల ఫోన్ నంబర్లు కూడా అందులోనే ఉంటాయి మరి.

దీనికి వెంటనే తగిలే దెబ్బ కూడా ఉంది. హోమ్ ఫోల్డర్ మొత్తానికి 777 ఇచ్చారంటే, మామూలు సెట్టింగుల్లో ఎస్‌ఎస్‌హెచ్ మీ కీ ఫైళ్లను నమ్మడం మానేస్తుంది. ఎవరైనా మార్చి ఉండొచ్చని దాని అనుమానం. కనెక్షన్ తెగాక మళ్లీ కీతో లాగిన్ కాలేరు. రివ్యూ ముందు రాత్రి మీ సర్వర్ నుంచి మీరే గెంటివేతకు గురైనట్టు!

సరైన పద్ధతి చిన్నదే. కోడ్ మీ పేరు మీద ఉండాలి, యాప్ నడిపే యూజర్‌కి చదివే హక్కు చాలు. అప్‌లోడ్లు, డేటాబేస్, లాగ్‌ల ఫోల్డర్లు మాత్రమే ఆ యూజర్ పేరు మీద పెట్టండి. పాస్‌వర్డ్‌లున్న ఫైల్‌ని మిగతావాళ్లెవరూ చదవకుండా మూసేయండి.

రివ్యూకి ముందు ఇవి చూసుకోండి

• ల్యాప్‌టాప్‌లోనే కొత్త ఫోల్డర్‌లోకి ప్రాజెక్టుని క్లోన్ చేసి, కొత్త వీఎన్వ్‌లో రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌తో మాత్రమే నడపండి. ఏ ప్యాకేజీ మర్చిపోయారో ఇక్కడే తేలిపోతుంది.

• పైథాన్ వెర్షన్ రెండుచోట్లా ఒకటేనా?

• యాప్ ఏ యూజర్ పేరుతో నడుస్తోంది? సుడోకి 'యూ' ఆప్షన్‌తో ఆ యూజర్ పేరిచ్చి ఫైల్ తెరిచి చూడండి. మీకు తెరుచుకోవడం కాదు, దానికి తెరుచుకోవాలి.

• సర్వర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయండి. మీరు చేయి పెట్టకుండా యాప్ లేచిందా?

• ఒక ఎర్రర్‌కి ఒకే మార్పు. చేశాక లాగ్ చూడండి. ఎర్రర్ మారితే ముందుకెళ్తున్నట్టే.

అన్నిటికన్నా ముఖ్యమైనది... సర్వర్ పనిని చివరి రాత్రికి వదిలేయకండి. ప్రాజెక్టు మొదలెట్టిన వారంలోనే 'హలో' అని చూపించే ఒక్క పేజీని సర్వర్‌లో పెట్టండి. ఈ ఎర్రర్లన్నీ అప్పుడూ వస్తాయి. కాకపోతే అప్పుడు కోడ్ పది లైన్లే ఉంటుంది, చేతిలో బోలెడంత టైమూ ఉంటుంది.