క్యాన్సర్ పరిశోధనలో మన పల్లెల వాటా ఎంత?

సొమ్ము ఎవరిది, అనుమతి ఎవరిది అన్నదే అసలు ప్రశ్న
శ్రీకాకుళం, ఖమ్మం అనుభవాలు నేర్పిన పాఠాలు

ఏలూరు: క్యాన్సర్‌కు కొత్త మందు వచ్చిందన్న వార్త తరచూ చదువుతుంటాం. ఆ మందును ఏ దేశపు రోగులపై పరీక్షించారు, ఆ పరీక్షలకు నిధులు ఎవరిచ్చారు అన్న సంగతి మాత్రం అరుదుగానే పట్టించుకుంటాం. అదే మందు రేపు కొల్లేటి లంక గ్రామంలోని రోగికి ఇచ్చినప్పుడు ఎంత మోతాదు సరిపోతుంది, ఏ దుష్ప్రభావాలు కలుగుతాయి అన్నవి చాలావరకు ఈ రెండు ప్రశ్నలతోనే ముడిపడి ఉన్నాయి. అందుకే పరిశోధనలోనూ, వైద్య విద్యలోనూ అన్ని ప్రాంతాలకు, అన్ని వర్గాలకు చోటు ఉండాలన్న వాదన కొన్ని దశాబ్దాలుగా బలపడుతోంది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2001లో ఇందుకోసం ప్రత్యేక నిధుల పథకాన్నే ప్రారంభించింది. నల్లజాతి, లాటినో, ఆదివాసీ విద్యార్థులు ఎక్కువగా చదివే కళాశాలలను పెద్ద క్యాన్సర్ కేంద్రాలతో జతచేయడం దాని ఉద్దేశం.

ఇది మనకు దూరపు సంగతిగా అనిపించవచ్చు. అయితే ఇలాంటి భాగస్వామ్యాల చరిత్రలో తెలుగునాట పేరు పలుమార్లు వినిపిస్తుంది. వాటిలో మేలు చేసినవి ఉన్నాయి. చేదు మిగిల్చినవీ ఉన్నాయి.

భీమవరం బిడ్డకు కాకినాడ ధర్మనిధి

తాడేపల్లిగూడేనికి పొరుగునే ఉన్న భీమవరంలో 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు. స్ప్రూ అనే వ్యాధితో ఆయన తన ఇద్దరు సోదరులను కోల్పోయారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా పూర్తి డిగ్రీకి బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. 1920వ దశకం ఆరంభంలో ఆయన అమెరికా ప్రయాణానికి రెండు వైపుల నుంచి సాయం అందింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుకు హామీ ఇవ్వగా, మామగారు మరికొంత సొమ్ము సమకూర్చారు. నేటి భాషలో చెప్పాలంటే ఇదే నిధుల భాగస్వామ్యం. ఒక ధర్మసంస్థ, ఒక కుటుంబం కలిసి హార్వర్డు తలుపు తట్టే అవకాశాన్ని గోదావరి జిల్లా యువకునికి కల్పించాయి.

దాని ప్రతిఫలం ప్రపంచానికంతటికీ దక్కింది. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిన సుబ్బారావు నాయకత్వంలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశారు. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే పదార్థాలను కూడా అదే బృందం రూపొందించింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం లభించినట్లు 1948 జూన్‌లో ఆయన ప్రకటించారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో వాడుకలో ఉంది. మన ఊరి మందుల దుకాణంలో కీళ్లవాతం రోగులు కొనే చిన్న మాత్ర కూడా అదే.

ఫార్బర్ పరిశోధనలకు సైతం సొమ్ము ఒకేచోటు నుంచి రాలేదు. మందు కంపెనీ ఇచ్చింది. కేంద్రం నిర్వహణకు వినోదరంగ సభ్యుల సంఘం పూనుకుంది. 1948 మే నెలలో ఒక బాల రోగిని పరిచయం చేసిన రేడియో కార్యక్రమానికి స్పందించి సామాన్య ప్రజలు 2,31,000 డాలర్లకు పైగా చందాలు పంపారు.

గోధుమల సొమ్ముతో శ్రీకాకుళంలో అధ్యయనం

రెండో ఉదాహరణ ఉత్తరాంధ్రది. అక్కడి గ్రామాల్లో, ముఖ్యంగా మహిళల్లో, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉండేది. దీనినే అడ్డపొగ అంటారు. నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికి తగలడం వల్ల అక్కడ పుండ్లు, మచ్చలు ఏర్పడి కొందరిలో క్యాన్సర్‌గా మారేవి. పాశ్చాత్య వైద్య గ్రంథాలలో అంగిలి క్యాన్సర్ అరుదైన వ్యాధి. మన తీరంలో కాదు. ఇక్కడి ప్రజలను పరీక్షిస్తే తప్ప ఈ తేడా బయటపడదు.

ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ దంత పరిశోధన విభాగం, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్ కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఈ పని చేపట్టారు. 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. ఈ బృందం పరిశోధనలకు పీఎల్-480 నిధులు తోడ్పడ్డాయి. 1954 నాటి అమెరికా చట్టం కింద మన దేశానికి వచ్చిన గోధుమలకు చెల్లింపు రూపాయల్లో జరిగేది. ఆ రూపాయల్లో కొంత భాగాన్ని ఇక్కడే పరిశోధనలపై ఖర్చు చేశారు.

అధ్యయనం లెక్కలతోనే ఆగలేదు. 1970వ దశకం చివరిలో శ్రీకాకుళంతో పాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో సుమారు 36 వేల మంది పొగాకు వాడకందారులను ఎంపిక చేసి, అలవాటు మానేలా బోధన ప్రారంభించారు. ముఖాముఖి మాటలు, చిత్రప్రదర్శనలు, రేడియో, పత్రికలను ఇందుకు వినియోగించారు. బోధన అందినవారిలో పొగాకు మానినవారు పెరిగారని, నోటిలో తెల్లమచ్చలు తగ్గాయని 1986లో ప్రకటించారు. పల్లెవాసుల వివరాలు తీసుకుని, ఆ జ్ఞానాన్ని తిరిగి పల్లెవాసులకే అందించిన కార్యక్రమంగా దీన్ని చెప్పుకోవచ్చు.

ఖమ్మంలో ఏం జరిగింది?

మూడో ఉదాహరణ మన పొరుగుది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు 2009 జులైలో నాటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో మొదలైంది. పాథ్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం ఇందులో భాగస్వాములు. గేట్స్ ఫౌండేషన్ నిధులు సమకూర్చగా, టీకాలను కంపెనీ ఉచితంగా ఇచ్చింది. 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి టీకాలు వేశారు. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహాల్లో చదువుకుంటున్న గిరిజన బాలికలు.

కొందరు బాలికల మరణాలు వెలుగులోకి రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును నిలిపివేసింది. మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం తేల్చింది. అయితే అనుమతి తీసుకున్న తీరులో తీవ్ర లోపాలు బయటపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసినట్లు 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక పేర్కొంది. తల్లిదండ్రులకు తెలియకుండానే పిల్లలకు సూదులు పడ్డాయన్నది దీని సారాంశం.

ఇక్కడొక విచిత్రం జరిగింది. అదే సమయంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ హైదరాబాద్ సహా దేశంలోని పలు కేంద్రాల్లో మరో హెచ్‌పీవీ అధ్యయనం జరుపుతోంది. ఆ టీకాలూ నిలిచిపోవడంతో వేలాది మంది బాలికలు ఒక్క డోసుతోనే ఆగిపోయారు. పరిశోధకులు వారిని ఏళ్ల తరబడి గమనించగా ఒక్క డోసు కూడా బలమైన రక్షణ ఇస్తున్నట్లు తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు విధానానికి అంగీకరించడానికి తోడ్పడిన ఆధారాల్లో ఇదీ ఒకటి. అంటే టీకా మేలైనదే. అడిగిన పద్ధతే తప్పు. ఆ తప్పు వల్ల కలిగిన భయం ఎన్నో ఏళ్లు మన ప్రాంతంలో టీకా మాట ఎత్తనివ్వలేదు.

అందరి శరీరం ఒకటేనా?

పేద ప్రాంతాలకు పరిశోధన రాకపోతే నష్టమేమిటని అడిగేవారున్నారు. పిల్లల రక్త క్యాన్సర్‌కు ఇచ్చే మెర్కాప్టోప్యూరిన్ మందునే తీసుకుందాం. కొందరిలో ఈ మందు సాధారణ మోతాదులోనే తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. పాశ్చాత్య రోగులను పరిశీలించి ఇందుకు టీపీఎంటీ అనే జన్యువు కారణమని వైద్యులు ముందుగా గుర్తించారు. ఆసియావాసుల్లో మాత్రం ఆ జన్యువు బాగానే ఉన్నా దుష్ప్రభావం కనిపించేది. 2014లో కొరియా రోగులను పరిశీలించినప్పుడు ఎన్‌యూడీటీ15 అనే మరో జన్యువు సంగతి తెలిసింది. ఐరోపావాసుల్లో అరుదైన ఆ మార్పు భారతీయుల్లోనూ గణనీయంగా కనిపిస్తోంది. ఆసియా రోగులను ముందే పరిశీలించి ఉంటే ఎందరో పిల్లలకు మోతాదు ముందే సరిచూసేవారు.

దేశంలో దారులు ఇవీ

ఇటీవలి కాలంలో దేశీయ భాగస్వామ్యాలు పెరిగాయి. టాటా మెమోరియల్ కేంద్రం ఆధ్వర్యంలో 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్‌లో ప్రస్తుతం 300కు పైగా సంస్థలు ఉన్నాయి. చికిత్సా ప్రమాణాలు, శిక్షణతో పాటు ఉమ్మడి పరిశోధనలకూ ఇది వేదిక. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో రూపొందిన కార్-టి చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి లభించింది. విదేశాలతో పోలిస్తే దీని ఖర్చు చాలా తక్కువ. హైదరాబాద్‌లో ప్రవాస వైద్యుల విరాళాలు, ప్రభుత్వ స్థలంతో ఏర్పడిన బసవతారకం ఇండో-అమెరికన్ ఆసుపత్రి 2000 సంవత్సరంలో ప్రారంభమైంది. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్‌కు చెందిన హోమీ భాభా ఆసుపత్రి పనిచేస్తోంది.

ఏలూరులో ఆశ్రం వైద్య కళాశాలతో పాటు 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉంది. కొల్లేరు గ్రామాల్లో నీటి కాలుష్యానికి, జబ్బులకు ముడిపెట్టి రకరకాల మాటలు వినిపిస్తుంటాయి. నమ్మదగిన క్యాన్సర్ నమోదు లేకుండా వాటిలో నిజమెంతో, వదంతి ఎంతో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. కైకలూరు, మండవల్లి, ఆకివీడు పల్లెల నుంచి వచ్చే రోగుల వివరాలు స్థానికంగా నమోదైతేనే మన ప్రాంతం పరిశోధకుల దృష్టికి వస్తుంది. ఆ పని నేర్చిన యువ వైద్యులు, నర్సులు ఇక్కడే తయారు కావాలి.

సంతకానికి ముందు అడగండి

పరిశోధన పేరుతో రక్తం, లాలాజలం, వివరాలు అడిగినా, మందు పరీక్షకు పిలిచినా ఈ ప్రశ్నలు వేయడం ప్రతి ఒక్కరి హక్కు.

* నిధులు ఎవరిస్తున్నారు? నైతిక విలువల సంఘం అనుమతి ఉందా? విదేశీ భాగస్వామ్యం ఉంటే కేంద్ర ఆరోగ్య శాఖ పరిశీలన పూర్తయిందా?

* మందు పరీక్ష అయితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా? 2009 జూన్ నుంచి ఈ నమోదు తప్పనిసరి.

* అంగీకార పత్రం తెలుగులో ఉందా? చదవలేనివారికి నిష్పాక్షిక సాక్షి సమక్షంలో వివరించాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకం ఉండాలి. వార్డెన్, ఉపాధ్యాయుల సంతకం దానికి సాటి రాదు.

* మధ్యలో మానుకుంటే మామూలు చికిత్స ఆగదు కదా? పరీక్ష వల్ల హాని జరిగితే 2019 నాటి నిబంధనల ప్రకారం చికిత్స, పరిహారం ఎవరిస్తారు?

* ఫలితాలు మా ఊరికి ఎప్పుడు, ఎలా చెబుతారు?

వీటికి సూటిగా జవాబిచ్చే బృందానికి సహకరించడం వల్ల రోగులకు, రాబోయే తరాలకు మేలే జరుగుతుంది. జవాబు దాటవేసే బృందానికి సంతకం పెట్టవలసిన అవసరం ఎవరికీ లేదు. సందేహం ఉన్నవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారిని గానీ, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయాన్ని గానీ సంప్రదించి నిర్ధారించుకోవచ్చు.